కార్నర్ జెండా దగ్గర నా గొంతు

మా భూపాలపల్లి ఆడపిల్లల హాకీ జట్టు ఎలా ఆడుతుందని అడిగితే నా దగ్గర రెండు జవాబులుంటాయి. అడిగింది బయటివాళ్లయితే, "ఈసారి చూడండి, సెమీస్ ఖాయం" అంటాను. అడిగింది మా ఆయనైతే, "ఏం ఆడుతరు, వాళ్ల మొఖం. బంతి ఒక దిక్కు, వీళ్లొక దిక్కు" అంటాను. మా ఆయన బొగ్గుబాయిలో పనిచేస్తాడు. మొదటి షిఫ్ట్ దిగివచ్చి అన్నం తింటూ నా తిట్లన్నీ ఓపికగా వింటాడు. విని, "గంత చెడ్డగ ఆడుతుంటే ఎందుకు పోతవ్ మరి?" అంటాడు. తిట్టే హక్కు ఎండలో నిలబడి చూసినవాళ్లకే ఉంటుందని నా నమ్మకం. ఇంట్లో కూర్చుని తిట్టేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మంట. అందుకే పోతాను.

నేను పుట్టింది మహబూబాబాద్ దగ్గర ఒక తండాలో. ఆ ఊరిని మేమిప్పటికీ మానుకోట అనే అంటాం. మాది లంబాడి కుటుంబం. ఇంట్లో మా మాట, బడిలో తెలుగు. ఆడపిల్లల ఆశ్రమ బడిలో చదివేటప్పుడు మా పీఈటీ మేడం ఎక్కడినుంచో స్టిక్కులు తెచ్చి మా చేతుల్లో పెట్టింది. నన్ను వెనక వరసలో నిలబెట్టింది. నేను పరుగులో వెనక, నోటితో ముందు. వెనక నిలబడి, ముందున్న వాళ్లందరికీ ఎటు పోవాలో చెప్పేదాన్ని. పెళ్లయి భూపాలపల్లి క్వార్టర్లకు వచ్చాక స్టిక్కు పోయింది, నోరు మిగిలింది. ఇప్పుడు ఒక జిల్లా ఆఫీసులో గుమాస్తాగా పనిచేస్తున్నాను. సాయంత్రం ఆఫీసు నుంచి నేరుగా కాలనీ గ్రౌండ్‌కు పోయి, కార్నర్ జెండా దగ్గర నిలబడి, చీకటి పడేదాకా పిల్లల మీద అరిచి ఇంటికి వస్తాను. ఆ గ్రౌండ్‌లో నేను అందరికీ అక్కనే. మా కోచ్ సారు కూడా నన్ను అక్కా అనే పిలుస్తాడు, వయసులో నాకంటే పెద్దవాడైనా సరే.

ప్రతి చలికాలం చుట్టుపక్కల పీఈటీలంతా కలిసి కాలేజీ ఆడపిల్లలకు ఒక లీగ్ పెడతారు. ఆరు జట్లు. ఒక్కో జట్టు మిగతా అన్నిటితో ఒక్కోసారి ఆడాలి. పైన నిలిచిన నాలుగు జట్లు జనగామలో సెమీస్ ఆడతాయి. క్రికెట్ చూసి నేర్చుకుని కొందరు ప్లేఆఫ్స్ అని కూడా అంటారు. ఏ పేరు పెట్టినా మాకు ఒరిగేదేమీ లేదు. మా జట్టు ఎన్నడూ అంతదాకా పోలేదు.

ఈసారి పోటీలో ఉన్నవాళ్ల గురించి నా అభిప్రాయం ఎవరూ అడగలేదు గాని చెబుతాను. జనగామ పిల్లలు ఒకే రంగు ట్రాక్ సూట్లు వేసుకుని దిగుతారు. వాళ్ల వార్మప్ చూసే సగం జట్లు ఓడిపోతాయి. పండక్కి వంటింట్లో చేరిన అక్కాచెల్లెళ్లు గిన్నెలు అందించుకున్నట్టు బంతిని అందించుకుంటారు. కాకపోతే మొదటి గోల్ ఆలస్యమైతే ఒకరినొకరు కసురుకోవడం మొదలుపెడతారు. అది కనిపెట్టి మావాళ్లు వెనక్కి తగ్గి కాచుకున్నారు కాబట్టే జనగామతో డ్రా చేసుకోగలిగాం. పాలకుర్తి వాళ్లది బలం. పత్తి చేలల్లో పనిచేసిన చేతులు. కొడితే బంతి కంటికి కనపడదు, చిక్కేమిటంటే వాళ్లకు కూడా కనపడదు. ఘనపూర్ వాళ్లు మాకు పొరుగువాళ్లు. వాళ్లు గోల్ కొట్టరు, కొట్టనివ్వరు. ఆ ఆట చూస్తుంటే నాకు ఆవులింతలు వస్తాయి. అయినా మూడో స్థానంలో కూర్చున్నారు, అది నాకిప్పటికీ మింగుడుపడదు. తొర్రూరు వాళ్లు ఈ ఏడు పాపం మాకంటే అధ్వానం. మేము గెలిచింది వాళ్ల మీదే కాబట్టి వాళ్లనేమీ అనను.

ఇక మానుకోట. ఆ పిల్లలకు కాళ్లున్నాయి. సగం జట్టు తండా పిల్లలే. వాళ్లలో మా అన్న బిడ్డ ఒకతి. నా మేనకోడలు. వెనక వరసలో ఆడుతుంది, ఒకప్పుడు నేను నిలబడ్డ చోటే. దానికి మొదటిసారి స్టిక్కు పట్టుకోవడం నేర్పింది నేనే. ఎండాకాలం సెలవుల్లో తండాకు పోయినప్పుడు ఇంటి ముందు నేర్పాను. గోల్ దగ్గర నేను ఎడమ అంటే కొట్టేవాళ్ల ఎడమేనని కూడా అప్పుడే చెప్పాను. ఈ సంగతి మా జట్టు పిల్లలకు మొదటినుంచీ తెలుసు. నన్ను ఏడిపించడానికి వాడుకుంటారు కూడా.

మా జట్టు కెప్టెన్ నడిమధ్యలో ఆడుతుంది. డిగ్రీ ఆఖరి సంవత్సరం. వాళ్ల నాయిన కూడా బాయిలోనే పని, ఈ ఎండాకాలం రిటైర్ అవుతున్నాడు. క్వార్టర్ ఖాళీ చేసి గోదావరి అవతల ఉన్న సొంతూరికి పోతారు. కాలేజీ అయిపోతే లీగ్ కూడా అయిపోయినట్టే. అంటే ఆ పిల్లకు ఇదే ఆఖరు. కాలేజీలో చేరిన నాటినుంచి ప్రతి ఏడాదీ ఆడింది, ఒక్కసారి కూడా సెమీస్ ఆడలేదు. ఆడటం సంగతి అలా ఉంచితే చూడను కూడా లేదు. లీగ్‌లో బయటికి పోయిన జట్టును జనగామ దాకా ఎవరు తీసుకుపోతారు? సీజన్ మొదట్లో ఒక సాయంత్రం షూ లేసులు విప్పుకుంటూ నాతో అంది.

"అక్కా, ఒక్క సెమీస్ ఆడి ఊరికి పోత. ఓడినా మంచిదే."

"ఓడుడెందుకే, గెలువు" అని కసిరాను. ఆ మాట మాత్రం నాలో ఉండిపోయింది. ఆ రోజు నుంచి నా తిట్లు కొంచెం తగ్గాయని మా ఆయన గమనించాడు.

మా జట్టుకు ఒక రహస్యం పుట్టింది ఆ రోజుల్లోనే. నాకు కోపం వస్తే తెలుగు పోతుంది, మా మాట వస్తుంది. ఒకరోజు ప్రాక్టీసులో, "ఎడమ దిక్కు ఖాళీ ఉంది, అటు కొట్టు" అని మా మాటలో అరిచాను. కెప్టెన్ ఆట ఆపి నా దగ్గరికి వచ్చింది.

"గదేంది అక్కా, గిప్పుడు నువ్వన్నది?"

చెప్పాను.

"గది మాకు నేర్పు. అవతలోళ్లకు సమజ్ గాదు గదా!"

నాకూ సరదా పుట్టింది. ఎడమ, కుడి, ఆగు, వెనక్కి రా, కొట్టు. ఈ నాలుగైదు మాటలు నేర్పాను. క్రైస్తవుల పిల్లలు, రైతుల పిల్లలు, బాయి పనివాళ్ల పిల్లలు అందరూ మా మాట పలుకుతుంటే నవ్వాగేది కాదు. మా అమ్మ బతికుంటే పొట్ట పట్టుకుని నవ్వేది. నాకు లోపల గర్వంగా కూడా ఉండేది. ఆశ్రమ బడిలో మా మాట మాట్లాడితే మిగతా పిల్లలు వెక్కిరించేవాళ్లు. ఇక్కడ అదే మాట ఒక జట్టుకు ఆయుధమయింది.

పని కూడా చేసింది. పెనాల్టీ కార్నర్ దొరికితే గోల్ పక్క గీత మీదినుంచి బంతిని మధ్యలోకి కొట్టి ఆడతారు, అవతలి వెనక వరస గోల్ లైను మీద కాస్తుంది. అప్పుడు వాళ్లు ఎటువైపు కాచుకున్నారో మధ్యలో ఉన్న పిల్లలకు కనపడదు, జెండా దగ్గరున్న నాకు కనపడుతుంది. నేను అరిచేదాన్ని. కెప్టెన్ నేరుగా కొడుతున్నట్టు స్టిక్కు ఎత్తి, నేను చెప్పిన దిక్కుకు మెల్లగా జరిపేది. తొర్రూరు మీద గోల్ అలాగే పడింది.

కాకపోతే జాగ్రత్తగా ఉండేదాన్ని. ప్రతి మ్యాచ్‌కు ముందు అవతలి జట్టులో తండా పిల్లలెవరో, ఎక్కడ ఆడతారో చూసుకునేదాన్ని. జనగామలో ఒక్కతే ఉంది, అదీ ముందు వరసలో. కార్నర్ పడ్డప్పుడు ఎక్కడో సగం గ్రౌండ్ అవతల ఉంటుంది. పాలకుర్తికి వెనక వరసలో ఇద్దరున్నారు. అందుకని ఆ రోజు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మ్యాచంతా నిలబడ్డాను. ఆ రోజు ఓడిపోయాం, అది వేరే సంగతి. పాలకుర్తి దగ్గర అంత గుర్తు పెట్టుకుని నోరు మూసుకున్నదాన్ని మానుకోటలో ఎలా మరిచిపోయాను? ఈ ప్రశ్న నన్ను నేను వేసుకోని రోజు లేదు.

లీగ్‌లో మా ఆఖరి మ్యాచ్ మానుకోటతో, మానుకోటలో. నాలుగో స్థానం మాకో వాళ్లకో తేలాల్సింది అక్కడే. మాకు డ్రా అయినా చాలు. వాళ్లు మాత్రం గెలిచి తీరాలి.

మా అన్న ముందురోజే ఫోన్ చేశాడు.

"చెల్లె, పిల్ల ఆడుతుంటే అవతల కూసుంటవా ఏంది? నలుగురు చూస్తే ఏమనుకుంటరు?"

"నాది భూపాలపల్లి జట్టు. నీ బిడ్డది మానుకోట జట్టు. ఆట అయినంక అందరం కలిసి తిందాం" అన్నాను. ఫోన్ పెట్టేశాక కూడా చాలాసేపు ఆ మాట నాకే మొండిగా వినపడింది.

తెల్లవారుతుండగా వ్యాన్‌లో బయలుదేరాం. నేను పెద్ద స్టీల్ డబ్బా నిండా పులిహోర చేసి తీసుకుపోయాను. ఈ లీగ్‌లో ఒక పద్ధతి ఉంది. ఆట అయ్యాక రెండు జట్లూ, వాళ్ల వెంట వచ్చినవాళ్లూ ఒక్కచోట కూర్చుని తినాలి. ఆ ఊరి వాళ్లు అన్నం, కూర పెడతారు, వచ్చినవాళ్లు ఏదో ఒకటి తేవాలి. ఓడినవాళ్లకే ముందు వడ్డించాలి.

గ్రౌండ్ దగ్గర దిగేసరికి మా తండా ఆడవాళ్లంతా ఉన్నారు. వదిన జొన్న రొట్టెలు మూటగట్టుకుని వచ్చింది. చిన్నప్పటి స్నేహితురాలు మనవడిని ఎత్తుకుని వచ్చింది. నెలల తరబడి ఫోన్‌లో తప్ప మాట్లాడని మా మాట ఒక్కసారిగా చుట్టూ కమ్ముకుంది. నేను కూడా అందులో దిగిపోయాను. ఎవరికి పెళ్లయింది, ఎవరు పోయారు, మిరప ఎలా ఉంది. నా మేనకోడలు ఆట బట్టల్లో పరుగెత్తుకొచ్చి నన్ను పట్టుకుంది.

"అత్తా, ఎటు దిక్కు కూసుంటవ్?"

"భూపాలపల్లి దిక్కే" అన్నాను.

అది పగలబడి నవ్వింది. "కూసో. నీ నోరు మా మీద పడకుంటే చాలు" అంది.

నేను కార్నర్ జెండా దగ్గరికి పోతే తండా ఆడవాళ్లు కూడా నా వెంటే వచ్చి నా చుట్టూ కూర్చున్నారు. ఆట మొదలయింది. మొదటి సగమంతా మావాళ్లు గోడ కట్టినట్టు నిలబడ్డారు. మానుకోట పిల్లలు పరుగెత్తుతూనే ఉన్నారు, మా కెప్టెన్ వాళ్ల ముందుకు పోయి నిలబడుతూనే ఉంది. ఆ పిల్ల అంత బాగా ఆడటం నేనెప్పుడూ చూడలేదు. ఒక్క తిట్టు కూడా నా నోట్లోంచి రాలేదు. ఒకపక్క వదినతో మా మాటలో కబుర్లు, ఒకపక్క ఆట. రెండో సగం కూడా గోల్ లేకుండానే జరిగిపోతోంది. మావాళ్లు సెమీస్ ఆడబోతున్నారని నిమిషాలు లెక్కపెడుతున్నాను.

ఆఖర్లో పెనాల్టీ కార్నర్ దొరికింది, మాకే. నిజానికి మాకు గోల్ అవసరం లేదు. బంతిని మూలన పెట్టుకుని కాలం గడిపినా సరిపోయేది. కెప్టెన్ నా వైపు చూసింది. గోల్ లైను దగ్గర స్టిక్కులు పట్టుకుని నిలబడ్డవాళ్లలో నా మేనకోడలు ఉంది. ఎడమవైపు ఎవరూ లేరు. నేను చూశాను, అరిచాను. గొంతు చించుకుని, మా మాటలో, "ఎడమకు" అని అరిచాను.

అరిచిన మరుక్షణం నా పక్కనున్న వదిన నా మోకాలు పట్టుకుని నవ్వింది. ఆమెకు అర్థమయింది. ఆమెకు అర్థమయిందంటే, అప్పుడు తెలిసింది నాకు. అప్పటికే బంతి లోపలికి వచ్చేసింది. కెప్టెన్ స్టిక్కు ఎత్తింది, కొడుతున్నట్టు ఊపి ఎడమకు జరిపింది. నా మేనకోడలు అక్కడే ఉంది. బంతి అక్కడికి వస్తుందని తెలిసినట్టు, తెలిసే, ముందే పోయి నిలబడింది. బంతిని ఆపి, మా పిల్లనొకదాన్ని తప్పించి, తలెత్తి చూసి పొడవుగా కొట్టింది. మావాళ్లంతా కార్నర్ కోసం ముందుకు వచ్చేశారు, వెనక ఖాళీ. సగం గ్రౌండ్ దగ్గర కాచుకుని ఉన్న మానుకోట పిల్ల బంతి అందుకుని మా గోల్ వైపు పరుగెత్తింది. వెనక పరుగెత్తినవాళ్లలో అందరికంటే ముందు మా కెప్టెనే ఉంది గాని అందలేదు. గోల్.

ఇంతవరకైతే పొరపాటు. రోజంతా మా మాటలోనే మునిగి ఉన్నాను కాబట్టి అదే నోట్లోంచి వచ్చిందని సర్దిచెప్పుకోవచ్చు, అది నిజం కూడా. సర్దిచెప్పుకోలేనిది ఇంకొకటుంది. నా మేనకోడలు బంతిని ఆపి, మా పిల్లను తప్పించి తలెత్తినప్పుడు, నేను చప్పట్లు కొట్టాను. బంతి ఇంకా దాని స్టిక్కు దగ్గరే ఉంది. గోల్ పడుతుందో లేదో ఎవరికీ తెలియదు. మావాళ్ల సెమీస్ చేజారుతున్న ఆ క్షణంలో నా రెండు చేతులూ కలిశాయి. "సెబాష్" అని కూడా అన్నానేమో. నాకు సంతోషం కలిగింది. నేను నేర్పిన పిల్ల నేను నేర్పినట్టే చేసిందని ఒళ్లంతా సంతోషం. ఆ తర్వాత చేతులు దించుకుని చూస్తే, అంత దూరంలో గోల్ దగ్గర మోకాళ్ల మీద కూర్చుని ఉన్న మా కెప్టెన్ నా వైపే తిరిగి ఉంది. చూసిందో లేదో తెలియదు. సిగ్గుతో నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

తిండి దగ్గర పద్ధతి ప్రకారం మావాళ్లకు ముందు వడ్డించారు. నా మేనకోడలు వచ్చి వెనకనుంచి నన్ను వాటేసుకుంది. చెమట వాసన, మట్టి వాసన. మా మాటలో, అందరికీ వినపడేలా అంది.

"అత్తా, నువ్వు ఎడమకు అన్నవు గాబట్టే పోయిన. నాకే చెప్పినవని ఎర్కయింది."

దానికి నిజంగానే తెలియదు. దానికి చెప్పాననే అనుకుంది. ఆటలో చిన్నప్పటినుంచి దానికి నేను అరిచి చెప్పింది తప్ప, దానికి కాకుండా చెప్పింది లేదు. మా అన్న వెలిగిపోతున్న ముఖంతో, "నెత్తురు యాడికి పోతది" అన్నాడు. వదిన ఇంకో రొట్టె నా పళ్లెంలో వేసింది. పక్క వరసలో పులిహోర వడ్డించుకుంటున్న మా కెప్టెన్ గరిటె పట్టుకుని ఒక్క క్షణం ఆగింది. ఆ పిల్లకు మా మాట రాదు. ఎడమ అనే మాట మాత్రం వచ్చు, నేర్పింది నేనే. "నీకు చెప్పలేదే" అని మేనకోడలితో అనాలి. అంటే దాని ముఖం ఏమవుతుంది? అనకపోతే కెప్టెన్ ముందు నేనేమవుతాను? రొట్టె తుంచుతూ కూర్చున్నాను.

"ఇయ్యాల ఉండు అత్తా" అని మేనకోడలు చెయ్యి పట్టుకుంది. ఉండనన్నాను. వ్యాన్ ఎక్కాను. కెప్టెన్ వచ్చి నా పక్కనే కూర్చుంది. వేరే చోట్లు ఖాళీగా ఉన్నాయి, అయినా నా పక్కనే కూర్చుంది. చాలా దూరం పోయాక నేనే నోరు తెరిచాను.

"యాద్ మర్చిన బిడ్డా. పొద్దటి సంది వాళ్లతోని అదే మాట మాట్లాడి మాట్లాడి..."

"తెలుసక్కా" అంది. "గట్ల అరువుమని, ఒర్లుమని నేర్పిచ్చుకున్నది మేమే గదా. నాకు గూడ యాద్ రాలె."

తిట్టి ఉంటే బాగుండేది. తిట్టడం, తిట్లు తినడం నాకు తెలిసిన పని. ఆ పిల్ల నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. ఘనపూర్ దాటేదాకా నేను భుజం కదపలేదు. చప్పట్ల సంగతి నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఇంటికి పోయాక మా ఆయనతో అరుపు సంగతి చెప్పాను, "పొరపాటేనాయె, ఏం జేస్తం" అన్నాడు. చప్పట్ల సంగతి ఆయనతో కూడా చెప్పలేదు. అదొక్కటీ నా దగ్గరే పెట్టుకుని, దాన్నే తిప్పి తిప్పి చూసుకుంటూ గడిపాను. పాలకుర్తి దగ్గర గుర్తున్నది మానుకోట దగ్గర ఎందుకు గుర్తు లేదు? నా నోరు మరిచిపోయిందా, నా మనసు మరిపించిందా? ఒక్కోరోజు ఒక్కో జవాబు వచ్చేది. చప్పట్లు గుర్తొచ్చినప్పుడల్లా రెండో జవాబే నిజమనిపించేది.

సెమీస్ శుక్రవారం. జనగామతో మానుకోట. ముందురోజు మేనకోడలు ఫోన్ చేసింది.

"అత్తా, జనగామకు రా. లైను మీద నువ్వుండాలె. వాళ్లకు ఒక్కటే తండా పిల్ల, అదీ ముందట ఆడుతది. మనిష్టమున్నట్టు ఒర్లచ్చు."

"ఆఫీసుల పని మస్తున్నది" అన్నాను. అబద్ధం. ఆ వారం ఉన్నంత తీరిక నాకెప్పుడూ లేదు. పోయి మానుకోట కోసం అరిస్తే మా కెప్టెన్ కడుపు మీద కొట్టినట్టే. ఆ పిల్ల ఆడాల్సిన మ్యాచ్ అది. పోకపోతే మేనకోడలు చిన్నబుచ్చుకుంటుంది. పోకుండా ఉంటే తప్పు సగమన్నా తీరుతుందని నాకు నేను లెక్క కట్టుకున్నాను. "సరే అత్తా" అని ఫోన్ పెట్టేసింది. మామూలుగా అది ఫోన్ పెట్టే ముందు ఇంకో పది మాటలు మాట్లాడుతుంది.

శుక్రవారమంతా ఆఫీసులో ఫోన్ బోర్లా పెట్టి కూర్చున్నాను. సాయంత్రం మా అన్న చెప్పాడు, ఒక్క గోల్‌తో ఓడిపోయారని. "పిల్లకు ఇయ్యి" అన్నాను. "అలిసిపోయింది చెల్లె, మళ్ల మాట్లాడుతది" అన్నాడు. ఆ రోజు నేను గ్రౌండ్‌కు కూడా పోలేదు. పోయినా ఎవరూ లేరు, మా సీజన్ అయిపోయింది కదా.

ఆదివారం పొద్దున కెప్టెన్ మా క్వార్టర్‌కు వచ్చింది. మానుకోటలో మరిచిపోయి వచ్చిన నా పులిహోర డబ్బా చేతిలో ఉంది. ఎవరి గిన్నెనైనా మా దగ్గర ఖాళీగా తిరిగివ్వరు. మూత తీసి చూస్తే లోపల పల్లీపట్టీలు ఉన్నాయి.

"ఇవెక్కడియే?"

"జనగామ బస్టాండ్ల కొన్న."

"జనగామకు ఎందుకు పోయినవ్?"

గడపలోనే నిలబడి, చెప్పులు విడవకుండా, కొంచెం సిగ్గుపడుతూ అంది. "సెమీస్ చూద్దామని. ఆడకపోతిమి, చూసన్న ఊరికి పోదామని. ఆడ మీ అన్న కలిసి డబ్బా ఇచ్చిండు."

ఒక్కతే బస్సెక్కి అంత దూరం పోయింది. నేను దగ్గరుండి తీసుకుపోవలసిన పిల్ల. నేనేమో ఆ పిల్ల పేరు చెప్పుకుని ఆఫీసులో దాక్కున్నాను. లోపలికి రమ్మన్నాను. వచ్చి కుర్చీ అంచున కూర్చుంది.

"ఏ దిక్కు కూసున్నవ్?"

"మానుకోట దిక్కే."

"ఎందుకే?"

"ఎందుకేంది అక్కా? మనల్ని ఓడగొట్టినోళ్లు గెలిస్తే గదా మనకు జర ఇజ్జత్. వాళ్లు గూడ ఓడిపోయిరి" అని నవ్వింది. అసలైన అభిమాని లెక్క అది. ఇన్నేళ్లు గ్రౌండ్‌లో అరిచిన నాకు తట్టలేదు.

ఆ నవ్వు చూసి ఇక ఆపుకోలేకపోయాను. "నేను ఆ రోజు చప్పట్లు గొట్టిన" అన్నాను. "మా పిల్ల బంతి ఆపినప్పుడు. అప్పటికి గోల్ గూడ పడలే. నేను చప్పట్లు గొట్టిన."

"చూసిన అక్కా" అంది. "మీ పిల్లనాయె. కొట్టవా మరి?"

నేను కళ్లు తుడుచుకున్నాను. ఆ పిల్ల అటు చూస్తున్నట్టు నటించి, డబ్బాలోంచి ఒక పల్లీపట్టీ తీసి నా చేతిలో పెట్టింది. తనూ ఒకటి తీసుకుంది. కాసేపు ఇద్దరం నమిలాం. జనగామ వాళ్ల పాస్‌లు ఎంత బాగున్నాయో చెప్పింది. టర్ఫ్ మీద ఆడితే వాళ్లను ఎవరూ ఆపలేరంది. తర్వాత, చెప్పాలా వద్దా అన్నట్టు ఆగి, అంది.

"నువ్వొస్తవేమోనని చూసిన అక్కా. నువ్వు రాలే. జనగామోళ్లు ఒక్కతీరుగ మీదికొస్తున్నరు, మీ కోడలు ఒక్కతే కొట్లాడుతున్నది. ఎడమ దిక్కు ఖాళీ ఉన్నది, దానికి కనపడ్తలేదు. నేను ఆగలేక లేసి మీ మాటల ఒర్లిన. ఎడమకు అని."

"విన్నదా?"

"విన్నది. దబ్బున తిరిగి చూసింది. నువ్వే అనుకున్నది."

నా చేతిలోని పట్టీ చేతిలోనే ఉంది. ఆ పిల్లే చెప్పింది.

"ముందుగాల నవ్వింది అక్కా. తర్వాత నేను కనపడ్డ. మానుకోటల నువ్వు ఒర్లింది ఎవరికో గప్పుడు సమజైనట్టున్నది, నవ్వు ఆగిపోయింది."